పెరట్లో 46 కోళ్లు, ఇంట్లో మాటల్లేవు

ఈసారి ఉత్తరం రాసిన పాఠకురాలికి 41 ఏళ్లు. పేరు, ఊరు చెప్పొద్దన్నారు. ఇంట్లో తినే మాంసం ఇంట్లోనే పెంచుకోవాలని మూడేళ్ల కిందట పెరట్లో కోళ్లు మొదలుపెట్టారు. ముందు 15 బ్రాయిలర్ పిల్లల్ని తెచ్చారు. అవి ఆరు వారాలకే కోతకొచ్చాయి. ఆ బరువు చూసి ముచ్చటపడి, ఈ జాతి మన దగ్గరే ఉంటే మళ్లీ మళ్లీ పిల్లల్ని కొనక్కర్లేదు కదా అనుకుని ఐదు పెట్టల్ని కోయకుండా ఉంచేశారు. రెండు గుడ్లకు రాకముందే చచ్చిపోయాయి. మిగిలిన మూడింటికి పందెం కోళ్ల జాతి అయిన అసీల్ పుంజునొకదాన్ని జత చేశారు. పుట్టిన పిల్లలు చూడముచ్చటగా పెరిగాయి. 14 వారాలకు దాదాపు అన్నీ రెండు కిలోలు దాటాయి. రోగం రొష్టు లేదు.

ఆ సంతోషంలో వాటిలోంచే ఒక పుంజును, ఎనిమిది పెట్టల్ని ఆపి, వాటి గుడ్లు పొదగేశారు. అక్కడి నుంచి అన్నీ తలకిందులయ్యాయి. ఒకే విడతలో పుట్టిన వాటిలో ఒకటి కిలో కూడా తూగదు, దాని పక్కది రెండున్నర. కొన్ని పిల్లలకు కాలివేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. 30 గుడ్లకు 14 పిల్లలే వచ్చాయి. మూడో తరానికీ అదే పుంజు తండ్రి, ఈసారి 30 గుడ్లకు 11. "ఇది జాతికి పనికొస్తుందేమో" అని ఒక్కోదాన్ని ఆపుకుంటూ పోతే ఇప్పుడు మొత్తం 46 కోళ్లు. గత నాలుగు నెలల్లో కోసినవి మూడంటే మూడే.

దాణా బస్తాలు మోసేదీ, కోళ్లను కోసేదీ భర్తే. కోసేటప్పుడు ఈవిడ లోపలికెళ్లి తలుపేసుకుంటారు. "మనం కోళ్లను తినట్లేదు, కోళ్లే మనల్ని తింటున్నాయి" అని ఆయన ఒకరోజు అనేశారు. ఆ వారమే, ఈవిడ జాతికోసం దాచుకున్న పెట్టనొకదాన్ని అడక్కుండా కోసేశారు. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా అవసరానికి మించి మాటల్లేవు. తొమ్మిదేళ్ల బాబు కోడికూర ముట్టడం మానేశాడు. జాతికోసం ఆపిన ఆ పుంజుకు వాడే 'హీరో' అని పేరు పెట్టుకున్నాడు. రోజూ పడుకునే ముందు "హీరోని ఎప్పుడు కోస్తారమ్మా?" అని అడుగుతున్నాడట. "నేను ఫెయిలయ్యానా? జాతిని ఎలా బాగుచేసుకోవాలి? లేక అన్నీ అమ్మేసి ఊరుకోవాలా?" అని ఆవిడ అడిగారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోళ్ల సంగతే కనిపించింది. రెండోసారి చదివినప్పుడు, మీ పెరట్లో ఒకేసారి రెండు పనులు నడుస్తున్నాయని అర్థమైంది. ఒకటి, ఇంటికి మాంసం. రెండోది, కొత్త జాతిని తయారుచేయడం. మీ ఆయన మొదటి పనికి ఒప్పుకుని బస్తాలు మోస్తున్నారు. మీరు ఎప్పుడో రెండో పనిలోకి వెళ్లిపోయారు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. బహుశా మీకు మీరు కూడా చెప్పుకోలేదు. మాంసం కోసమైతే ప్రతి కోడికీ ఒక తేదీ ఉంటుంది. జాతి కోసమైతే ప్రతి కోడి మీదా ఒక ఆశ ఉంటుంది. అందుకే ఒకే పెట్ట ఆయనకు కూరగా, మీకు రేపటి తల్లిగా కనబడింది. ఆ రోజు జరిగిన దాంట్లో ఆయనది తప్పు లేదని నేననను, అడక్కుండా కోయడం తప్పే. కానీ ఆ గొడవ ఒక్క పెట్ట గురించి కాదు.

ముందు కోళ్ల సంగతి చూద్దాం. జరిగిందేమిటో తెలిస్తే మీ మనసు సగం తేలికపడుతుంది.

ఆ బ్రాయిలర్ పెట్టలు మీ పెంపకం బాగోలేక చావలేదు. త్వరగా బరువెక్కడం కోసం తరతరాలుగా ఏరిన కోళ్లవి, ఆ ఏరికలో ఆకలి కూడా పెరుగుతూ వచ్చింది. కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో 1957 నాటి మాంసపు కోళ్ల రకాన్నీ, 2005 నాటి రకాన్నీ పక్కపక్కన, ఒకే దాణాతో పెంచి చూశారు. 56వ రోజున పాతది 905 గ్రాములు తూగితే, కొత్తది 4,202 గ్రాములు తూగింది. మేత ఒకటే, తేడా అంతా రక్తంలోనే. అలాంటి కోడి ముందు రోజంతా మేత ఉంచితే ఆగకుండా తింటుంది. కాళ్లు, గుండె ఆ బరువును మోయలేవు. వాటి తల్లిదండ్రుల్ని పెంచేవాళ్లు రోజూ మేత కొలిచి, కడుపు నిండకుండానే పెడతారు. లేకపోతే అవీ గుడ్లు పెట్టే వయసుదాకా సరిగ్గా నిలవవు. మీ ఐదింటిలో మూడు బతికాయంటే మీరు వాటిని బాగానే చూసుకున్నట్టు.

ఇంకో సంగతి. బ్రాయిలర్ అనేది జాతి కాదు. సాధారణంగా నాలుగు వేర్వేరు వంశాలను రెండు తరాలపాటు లెక్కప్రకారం కలిపితే చివర్లో వచ్చే కోడి అది. అక్కడితో దాని పని అయిపోతుంది, దాని గుడ్లు పొదగేసి అలాంటి కోడినే తీయడం కుదరదు. ఈ పద్ధతికి పునాది అమెరికాలో పడింది. రేపటి కోడి ఎలా ఉండాలని 1940ల్లో అక్కడ పెద్ద పోటీ పెట్టారు. 1948లో జాతీయ బహుమతి గెలిచింది కార్నిష్, న్యూహాంప్‌షైర్ జాతుల కలయిక. ఆ కార్నిష్ ఇంగ్లండ్‌లో తయారైన జాతి. దాన్ని తయారుచేసినవాళ్లు మొదట పోట్లాడే కోడి కావాలనుకుని అసీల్ రక్తం కలిపారు. అది పోట్లాటకు పనికిరాలేదు కానీ వెడల్పాటి రొమ్ముతో మాంసానికి పేరు తెచ్చుకుంది. అంటే మీ అసీల్ పుంజు, మీ బ్రాయిలర్ పెట్టలు ఎప్పటివో దూరపు చుట్టాలు! మీరు వాటిని జత చేసినప్పుడు తెలియకుండానే పాత దారిలో నడిచారు.

మొదటి తరం అంత బాగా రావడానికి కారణం సంకర తేజం. చాలా కాలం విడివిడిగా పెరిగిన రెండు రకాలు కలిస్తే, ఒకదానిలోని లోపాన్ని రెండోది కప్పేస్తుంది. పిల్లలు గట్టిగా, చురుగ్గా, చాలావరకు ఒకేలా పుడతాయి. ఆ పిల్లల్లో ఒక్కోదానికి తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చింది. వాటిని మళ్లీ వాటితోనే కలిపితే ఆ సగాలు విడిపోయి ఇష్టమొచ్చినట్టు కొత్తగా జతపడతాయి. కొన్నింటికి బ్రాయిలర్ వైపు ఎక్కువ వస్తుంది, కొన్నింటికి అసీల్ వైపు. సంకర తేజం కూడా సుమారు సగానికి పడిపోతుంది. అందుకే ఒకటి కిలో, ఒకటి రెండున్నర. రెండో తరం చెదరడం మీ పొరపాటు కాదు. ఎవరు చేసినా అలాగే చెదురుతుంది. ఈ సంగతి ఎవరూ మీకు ముందే చెప్పకపోవడమే నాకు బాధగా ఉంది.

మూడో తరం విషయం వేరు. హీరో తన చెల్లెళ్లతో కలిశాడు, ఆ తర్వాత తన కూతుళ్లతో. అన్నాచెల్లెళ్ల జతకు పుట్టిన పిల్లలో రెండు వైపుల నుంచీ ఒకే పూర్వీకుడి లక్షణమే వచ్చి చేరే అవకాశం 25 శాతం, తల్లులు వేరైతే 12.5 శాతం. ఆ పుట్టిన కూతురితో మళ్లీ తండ్రే కలిస్తే, ఆ తర్వాతి పిల్లలో అది 31 నుంచి 37 శాతం దాకా పెరుగుతుంది. దాని ఫలితం ముందు కనబడేది బరువులో కాదు. గుడ్డులో పిల్ల నిలవడంలో, పుట్టిన పిల్ల మొదటి రెండు వారాలు బతకడంలో కనబడుతుంది. 14 కాస్తా 11 అవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

కానీ తప్పంతా రక్తం మీదకు నెట్టకండి. మీ ఉత్తరంలో రెండు మాటలు నాకు గుచ్చుకున్నాయి. ఇంక్యుబేటర్ నిండాలని రెండు వారాలపాటు గుడ్లు కూడబెడుతున్నానని ఒకచోట రాశారు. ఖర్చు తగ్గుతుందని పెద్ద పెట్టలకు గింజలు, వంటింటి మిగుళ్లే వేస్తున్నానని ఇంకోచోట. పొదగేసే గుడ్డును వారానికి మించి ఉంచితే పిల్ల వచ్చే అవకాశం రోజురోజుకీ తగ్గుతుంది. ఇక ఉత్త గింజల మీద బతికే పెట్ట గుడ్డులో బి2 విటమిన్ చాలదు. లోపల పిల్ల మధ్యలోనే చనిపోవచ్చు. పుట్టిన పిల్లకు మొదటి వారాల మేతలోనూ అది చాలకపోతే కాలివేళ్లు లోపలికి ముడుచుకుపోతాయి. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా అదే. వంశదోషమని మీరు భయపడుతున్నది మేత లోపం కావచ్చు. పొదగేసే గుడ్లు ఏరడానికి నాలుగైదు వారాల ముందునుంచి ఆ పెట్టలకు, పొదగేసే గుడ్లు పెట్టే కోళ్లకోసం తయారయ్యే బ్రీడర్ దాణా పెట్టి చూడండి. వేళ్లు ముడుచుకున్న చిన్నపిల్లలకు వెంటనే విటమిన్ ఇస్తే కొన్ని తేరుకుంటాయి, పశువుల డాక్టర్‌ను అడిగి ఇవ్వండి.

రక్తమా, మేతా, పుంజా అని తేల్చుకోవడానికి ఒక మార్గం మీ చేతిలోనే ఉంది. పిల్ల రాని గుడ్లను పారేయకండి. ఏడో రోజు రాత్రి చీకటి గదిలో గుడ్డు వెనక టార్చ్ పెట్టి చూడండి. సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తే లోపల పిల్ల పెరుగుతోంది. లోపలంతా ఖాళీగా, పచ్చసొన నీడ తప్ప ఏమీ లేకపోతే అది చాలావరకు పుంజు తొక్కని గుడ్డే. ఎర్రటి ఉంగరంలా ఒక గీత మాత్రమే ఉంటే పిల్ల మొదలై చనిపోయింది. 21 రోజులు దాటాక మిగిలినవాటిని పెరట్లో ఓ మూల పగలగొట్టి, పిల్ల ఎంత పెరిగి ఆగిందో చూసి రాసుకోండి. కాస్త మనసు రాయి చేసుకోవాల్సిన పనే. ఖాళీ గుడ్లు ఎక్కువైతే తప్పు పుంజుది. బరువెక్కిన పుంజు పెట్టను సరిగ్గా తొక్కలేదు, పైగా ఒక పుంజుకు ఎనిమిది, పది పెట్టలకు మించి పెట్టకూడదు. ఎర్ర ఉంగరాలు ఎక్కువైతే నిలవ గుడ్లనో, దగ్గరి రక్తాన్నో అనుమానించాలి. పూర్తిగా పెరిగి పెంకులోనే ఆగిపోతే ఇంక్యుబేటర్‌లో వేడి, తేమ చూసుకోవాలి. మీరు చదువుకున్న మనిషి, ఒక్క విడతకే ఇది మీకు పట్టుబడుతుంది.

ఇప్పుడు ఆ 46 గురించి. ఎదిగిన కోడి రోజుకు సుమారు 110 గ్రాములు తింటుంది. 46 కోళ్లంటే రోజుకు ఐదు కిలోలు, నెలకు 150 కిలోలు. నాలుగు నెలల్లో మూడు కోళ్లు కోశారు. మీ ఆయన అన్న మాట కటువుగా ఉన్నా, దాని వెనకున్న లెక్క నిజం. 16 వారాలు దాటిన పుంజు తినే మేతలో ఎక్కువ భాగం ఒళ్లు నిలుపుకోవడానికే పోతుంది, మాంసంగా మారేది తక్కువ. ఇది ఆయన మీతో చెప్పకముందే మీరే ఆయనతో చెబితే ఎలా ఉంటుందో ఊహించండి. వాదన కోసం కాదు, ఆయన మోసిన బస్తాలు మీకు కనబడ్డాయని తెలియడం కోసం.

అందుకే ఏ దారి ఎంచుకున్నా ముందు కోళ్లు తగ్గాలి. అన్నీ ఒక్కరోజే వద్దు. ఒక రాత్రి, అవి గూట్లో చేరి మగతగా ఉన్నప్పుడు, కాటా తీసుకుని మీరిద్దరూ ఒక్కోదాన్నీ తూచండి. కోడిని చంకలో పెట్టుకుని, బొటనవేలు, చూపుడువేలుతో రొమ్ము ఎముకకు అటూఇటూ తడమండి. ఎముక కత్తి అంచులా చేతికి తగిలితే కండ లేనట్టు. ఎముకకు రెండు పక్కలా వేళ్లు గుండ్రంగా జారితే అది మాంసపు కోడి. మా అమ్మ తూకం లేకుండా ఇలా తడిమే చెప్పేది, ఆవిడ వేళ్లు తప్పడం నేను చూడలేదు. తర్వాత కింద వదిలి నడక చూడండి. మోకాళ్లు దగ్గరికొచ్చినవి, కుంటేవి, ముడుచుకున్న వేళ్లవి జాతికి ఉంచొద్దు. మేత లోపం కావచ్చని నేనే అన్నా సరే, తేలేదాకా ఉంచొద్దు. కాలికి రంగు ఉంగరాలు తొడగండి. ఎర్రది ఈ నెల, పసుపు వచ్చే నెల, నీలం ఉండిపోయేది. ఆ తూకాల కాగితం గోడకు అంటించండి. అప్పుడు ఏ కోడి ఏమిటో ఇంట్లో అందరికీ ఒకేలా తెలుస్తుంది. దాచుకున్న పెట్టను పొరపాటున కోసే అవకాశమే ఉండదు.

ఆ తర్వాత మీ ముందు మూడు దారులున్నాయి. ఏది తీసుకోవాలో నేను చెప్పను, ఒక్కోదానికి మీరు ఏమి చెల్లించాలో మాత్రం చెబుతాను.

ఒకటి, జాతి పని పూర్తిగా వదిలేసి పిల్లల్ని కొనుక్కుని పెంచడం. మీకు ఆరు వారాల బ్రాయిలరే కావాలని లేదు. నెమ్మదిగా పెరిగే మాంసపు రకాలు కూడా ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 'లేబుల్ రూజ్' ముద్ర ఉన్న కోడిని 81 రోజులకు ముందు కోయకూడదు. అలాంటి రకాలు పెరట్లో తిరుగుతాయి, కాళ్లు నిలుస్తాయి, మాంసం గట్టిగా ఉంటుంది. విడతకు 15 చొప్పున తెస్తే ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ముగుస్తుందో ఇంట్లో అందరికీ తెలుస్తుంది. మధ్యలో పెరడు ఖాళీగా ఉంటుంది, మీకూ ఊపిరాడుతుంది. మీ ఆయనకు నచ్చే దారి బహుశా ఇదే. కానీ ఎప్పుడూ బయటి పిల్లల మీద ఆధారపడాలి. ఇంకో మాట, మీ ఉత్తరంలో మొదటి తరం పిల్లల గురించి రాసిన ఆ నాలుగు వాక్యాల్లో ఉన్న వెలుగు మిగతా ఉత్తరంలో ఎక్కడా లేదు. ఈ దారిలో అది పోతుంది. అదెంత విలువైందో మీకే తెలుసు.

రెండోది, మీకు బాగా కుదిరిన మొదటి తరాన్నే ప్రతిసారీ కొత్తగా తీయడం. నాకు ఎక్కువ నచ్చింది ఇదే, దాచుకోను. మీరు చేసిన కలయికలో ఒక చిన్న తిరకాసుంది. బరువంతా తల్లి వైపు పెట్టారు. బరువైన తల్లి గుడ్లు తక్కువ పెడుతుంది, ఎక్కువ తింటుంది, త్వరగా పోతుంది. దాన్ని తిప్పేయండి. తల్లులుగా గుడ్లు బాగా పెట్టే, గట్టి ఒళ్లున్న పెట్టలు ఆరో ఎనిమిదో ఉంచండి, రోడ్ ఐలాండ్ రెడ్‌లాంటివో, ప్లిమత్ రాక్‌లాంటివో. తండ్రిగా మాంసం వైపు మంచి పుంజును ఒకదాన్ని పెట్టండి. అది కార్నిష్ కావచ్చు, లేదా ముసలిదైనా ఇంకా ఉందన్నారుగా, మీ అసీల్ పుంజే కావచ్చు. అసీల్‌తో అయితే పిల్లలు నెమ్మదిగా పెరుగుతాయి, 16 వారాల దాకా ఓపిక పట్టాలి. ఒక్క పుంజు బరువును ఎంతమంది పిల్లలకైనా పంచవచ్చు, మేపాల్సింది మాత్రం ఒక్క పుంజునే. మేత లెక్క తేలికయ్యేది అక్కడే.

పుంజును మార్చినప్పుడు మాత్రం మూడు వారాలు ఆగి గుడ్లు ఏరండి. పాత పుంజు వీర్యం పెట్ట కడుపులో రెండు వారాలకు పైగా నిలుస్తుంది, ఆ గుడ్లలో తండ్రెవరో తెలియదు. బయటి నుంచి కొత్త పెట్టలు తెస్తే నెలరోజులు విడిగా, మీ కోళ్లకు దూరంగా ఉంచండి. వాటికి వేరే గిన్నెలు, వేరే చెప్పులు. టీకాల సంగతి డాక్టర్‌తో మాట్లాడండి.

ఈ దారిలో కష్టమల్లా ఒకటే. మొదటి తరంలో పుట్టిన ప్రతి కోడీ తినడానికే, ఎంత అందంగా ఉన్నా. మీరు హీరోని ఆపినట్టు ఇంకొకదాన్ని ఆపారంటే మళ్లీ ఇక్కడికే వస్తారు. మీ మనసు దీనికి నిలబడుతుందా అన్నది నిజాయితీగా చూసుకోండి.

మూడోది, మీ సొంత జాతిని తీర్చడం. దీన్ని చులకనగా చూడను, ఇప్పుడున్న జాతులన్నీ ఎవరో ఒకరు ఇలాగే ఓపిక పట్టి తీర్చినవే. కోడి బరువు పిల్లలకు చాలావరకు దిగే గుణం, కాబట్టి ప్రతి తరంలో బరువైనవి ఏరితే బరువు పెరుగుతూనే వస్తుంది. గుడ్డులో పిల్ల నిలవడం, పిల్ల బతకడం అలా దిగవు. వాటికోసం ఒక్క కోడిని కాదు, మొత్తం కుటుంబాన్ని చూసి ఏరాలి. అంటే ఏ పిల్ల ఏ తల్లిదో మీకు తెలిసుండాలి. పుట్టినరోజే కాలివేళ్ల మధ్య పొరకు చిన్న రంధ్రం పెడితే గుర్తు ఉండిపోతుంది. రెండు కాళ్లకు కలిపి అలాంటి పొరలు నాలుగు, వాటితో 16 రకాల గుర్తులు పెట్టొచ్చు. కనీసం మూడు గుంపులు కావాలి. ఆడపిల్లలు తల్లి గుంపులోనే ఉండాలి, మగపిల్లలు ఏటా పక్క గుంపుకు వెళ్లాలి. అలా తిప్పితే దగ్గరి రక్తం త్వరగా కలవదు. పోల్చే పిల్లలన్నీ ఒకేరోజు పుట్టాలి, ఒకే మేత తినాలి, 12వ వారం ఒకేరోజు తూగాలి. ఏడాదికి యాభై అరవై పిల్లల్ని తీసి, పదో పన్నెండో ఉంచి మిగతావి కోయాలి. ఐదారేళ్ల పని. మొదటి రెండేళ్లలో మీకు సంతోషం కలిగించేది పెద్దగా కనబడదు. అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో ఇంకో మనిషి మనస్ఫూర్తిగా సరేననాలి. ఒక్కరు మోసే బరువు కాదిది.

రెండో దారి అయినా, మూడో దారి అయినా మీకొక మంచి సంగతి. మీ కోళ్ల రక్తం చెడిపోయిందని రాశారు. చెడిపోలేదు. ఇప్పుడున్న పెట్టల్లో నీలం ఉంగరం తొడిగిన నాలుగింటికి, వాటితో ఏ చుట్టరికమూ లేని ఒక్క బయటి పుంజును జత చేయండి. పుట్టే పిల్లల్లో దగ్గరి రక్తం లెక్క మళ్లీ సున్నాకి వస్తుంది, తల్లి ఎంత దగ్గరి జతకు పుట్టినదైనా సరే. లోపల దాగిన లోపాలు మాయమైపోవు, కానీ పైకి రావు. మూడేళ్ల పని బూడిదలో పోలేదు.

ఇక కోత. మీరు తలుపేసుకోవడం నాకు అర్థమవుతుంది. పెంచిన చేతులకు అది కష్టమే. కానీ పుట్టించే సంతోషమంతా మీవైపు, చంపే బరువంతా ఆయనవైపు పడింది. ఆయన మాటలో వినిపించిన కోపంలో సగం ఇదేనని నా అనుమానం. కత్తి మీరు పట్టక్కర్లేదు. ముందురోజు రాత్రి ఎర్ర ఉంగరం కోళ్లను చీకట్లో నెమ్మదిగా పట్టి విడిగా పెట్టండి, చీకట్లో అవి బెదరవు. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు మేత ఆపి, నీళ్లు మాత్రం ఉంచండి. పొద్దున ఆయన పక్కన ఉండి నీళ్లు కాచి, ఈకలు తీయండి. మాంసాన్ని ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచాకే వండితే మెత్తబడుతుంది. వీటిలో ఏ ఒక్కటి మీరు తీసుకున్నా ఆయన ఒంటరిగా చేస్తున్న పని ఇద్దరిదీ అవుతుంది. అదీ చేతకాదు, చూడలేను అనిపిస్తే అదీ తప్పు కాదు. కోసిపెట్టే మనిషిని మాట్లాడుకోండి. కాకపోతే మీ భర్తకు ఆ మాట నోటితో చెప్పండి: "ఇది నీకూ కష్టంగా ఉంటుందా అని నేనెప్పుడూ అడగలేదు."

బాబు గురించి చివర్లో రాస్తున్నాను కానీ ఆలోచించింది ముందు వాడి గురించే. వాడు రోజూ అడిగే ప్రశ్న కోడికూర గురించి కాదు. తను ప్రేమించినది తనకు చెప్పకుండా మాయమైపోతుందా అని అడుగుతున్నాడు. ఒకసారి అలా జరిగింది, అందుకే నిద్ర ముందు టెన్షన్. వాడికి అబద్ధం చెప్పొద్దు, "ఎగిరిపోయింది" అని అసలే వద్దు. రంగు ఉంగరాలు తొడిగేటప్పుడు వాణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ రంగంటే ఏమిటో ఉన్నదున్నట్టు చెప్పండి. ఎర్ర, పసుపు ఉంగరాల కోళ్లకు పేర్లు పెట్టొద్దని వాడితో ఒప్పందం చేసుకోండి. కూర తినమని ఎన్నాళ్లైనా బలవంతపెట్టొద్దు. తినాలనిపిస్తే వాడే తింటాడు, అనిపించకపోతే మానేస్తాడు, అది వాడి హక్కు.

హీరోని మాత్రం జతకు వాడటం ఈ రోజుతో ఆపండి. కూతుళ్లతో ఇంకో తరం కలిస్తే అది మీకే నష్టం. అలాగని వాణ్ని కోయమనడం లేదు. 46లో ఒక్క పుంజు రోజుకు 110 గ్రాములు తిని బతికితే మీ లెక్కలేమీ తారుమారు కావు. వేరే చిన్న గూడు కట్టండి, లేదా గుడ్లు పొదగేయని, తినే గుడ్ల పెట్టలతో తిరగనివ్వండి. మీ ఆయన దీనికి ఒప్పుకుంటారనే నా నమ్మకం, కానీ ఈసారి ఆయన్ని ముందు అడగండి. ఇద్దరూ సరేనన్నాక, నీలం ఉంగరాన్ని మీరు తొడగకండి. రాత్రి పడుకునే ముందు బాబు చేతికిచ్చి, హీరో కాలికి వాణ్నే తొడగమనండి.